గుట్ట కింది రాతి వలయాల కొలతల డైరీ: 61 అనుకున్నయి 44 ఎట్ల అయినయి

మా ఊరు దేవరకొండ దిక్కు. ఊరి పక్కన గుట్ట, గుట్ట కింద చెల్కల్ల, కంచెల్ల రాక్షసి గుళ్లు అని మావోళ్లు పిలిచే పాత సమాధులు ఉన్నయి. చుట్టూ పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి, మధ్యల రాళ్ల కుప్ప పోసి, కింద గొయ్యిలనో రాతి పలకల పెట్టెలనో చనిపోయినోళ్లను పెట్టిన్రు. ఇనుము వాడకం మొదలైన కాలం నాటివి, అంటే రెండున్నర వేల ఏండ్ల పైమాటే. వీటిని తవ్వకుండా, కదిలించకుండా ఒక్కొక్కటి కొలిచి కాగితం మీద గీయాలన్నదే పని. నేను, మా చిన్నాయన కొడుకు, ఇద్దరమే. మీ ఊర్ల ఇట్లాంటివి ఉంటే ఇది చూసి చేసుకోవచ్చు, కనీసం మేం చేసిన తప్పులు మీరు చెయ్యకుంట ఉంటరు.

ముందే ఒక మాట. ఊరి పేరు, లొకేషన్ ఇక్కడ పెట్టట్లేదు. గుప్తనిధులోళ్ల భయం ఉత్తది కాదు, ఎందుకో ఏడో దశల రాసిన.

దశ 1: ఫోన్ పిన్నులు (డిసెంబరు, 4 రోజులు)

మొదట చేసింది ఫోన్‌ల మ్యాప్ తెరిచి, వలయం కనబడ్డ కాడల్లా మధ్యల నిలబడి పిన్ను కొట్టుడు. నాలుగు రోజులల్ల 61 పిన్నులు. ఐదో రోజు లాప్‌టాప్‌ల ఉపగ్రహం ఫొటో మీద వేసి చూస్తే మూడు వలయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్నయి, ఒకటైతే పోయి పోయి కుంటల పడ్డది. మా వలయాలు చాలామట్టుకు 6 నుంచి 11 మీటర్ల అడ్డం (వ్యాసం) ఉంటయి, ఫోన్ జీపీఎస్ తప్పు ఎంత అనేది అప్పటిదాకా మేం కొలవనే లేదు.

అందుకని ఒకే గుండు మీద ఫోన్ పెట్టి మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిన్ను కొట్టినం. తొమ్మిది పిన్నులల్ల ఎడంగా పడ్డ రెండింటి మధ్య 7 మీటర్లు వచ్చింది. పెద్ద బండ పక్కన నిలబడితే ఇంకా ఎక్కువ, సిగ్నల్ బండకు తగిలి వస్తది గదా. అంటే ఫోన్ పిన్ను "ఈ చెల్కల ఒకటున్నది" అని గుర్తు పెట్టుకోటానికి పనికొస్తది, ప్లాన్ గీయటానికి పనికిరాదు.

ఇప్పటిదాకా: 4 రోజులు, 61 పిన్నులు, గీసిన ప్లాన్లు 0, ఖర్చు 300 రూపాయలు (పెట్రోల్).

దశ 2: బేస్‌లైన్, టేపులు

కొన్న సామాను: 30 మీటర్ల ఫైబర్ టేపులు రెండు 840, 5 మీటర్ల స్టీల్ టేపు 180, మేస్త్రీలు లెవల్ చూసే నీళ్ల పైపు 15 మీటర్లు 225, తూకం గుండు 150, వెదురు కర్రలు, ఎరుపు తెలుపు రంగు కలిపి 240, పెద్ద గ్రాఫ్ కాగితాలు 300.

పద్ధతి పాతదే. వలయాల పక్క నుంచి, ఒక్కదాని మీది నుంచి కూడ పోకుండ, ఒక నేరు గీత పట్టుకోవాలి, బేస్‌లైన్ అంటే ఇదే. దాని మీద ప్రతి 10 మీటర్లకు ఒక కర్ర. ఏ గుండునైనా రెండు కర్రల నుంచి రెండు టేపులతో కొలిస్తే గీతకు ఆ దిక్కున ఆ గుండు కాగితం మీద ఒక్క చోటనే పడుతది.

మొదటి రోజు మొత్తం పాడైంది. అవే రెండు కర్రల మధ్య దూరం మూడుసార్లు కొలిస్తే 28.61, 28.74, 28.67 వచ్చింది. గాలికి టేపు ఊగుతున్నది, మధ్యల జారి కిందికి వంగుతున్నది, వంగిన టేపు ఎప్పుడైనా ఎక్కువనే చూపిస్తది. 10 మీటర్ల ముక్కలుగా కొలుసుడు మొదలుపెట్టినంక 28.58, 28.59, 28.58.

రెండో తప్పు వాలు. గుట్ట పాదం కాబట్టి నేల వాలుగ ఉంటది, మేం టేపును నేల మీద పరిచి కొలిచినం. 20 మీటర్లకు 2.5 మీటర్లు దిగితే అడ్డంగ ఉన్న అసలు దూరం 19.84 మాత్రమే. ఒక్క కొలతల 16 సెంటీమీటర్లు అంటే చిన్నగ అనిపిస్తది కని అవి ఒకదాని మీద ఒకటి కలుసుకుంట పోతే వందో మీటరు కాడికి వచ్చేసరికి గుండు పక్క గుండు మీద పడుతది.

ఇప్పుడు చేస్తున్నది:
1. నీళ్ల పైపుతో రెండు కర్రల మీద ఒకే మట్టం గీత పెట్టుడు.
2. టేపు ఆ గీత మీద బిగించి, కింది కొస కాడ తూకం గుండు వేలాడదీసుడు.
3. 10 మీటర్లు దాటకుంట కొలుసుడు.
4. ప్రతి కొలత రెండుసార్లు, ఒకసారి నేను చదివితే ఇంకోసారి తమ్ముడు. తేడా 2 సెంటీమీటర్లు దాటితే మళ్ల మొదటి నుంచి.
5. రెండు టేపులు గుండు కాడ కలిసే కోణం మరీ సన్నగ ఉంటే వేరే కర్ర నుంచి కొలుసుడు. 30 డిగ్రీలకు తక్కువైతే మేం తీసుకుంటలేము.

ఇట్ల కొలుస్తుంటేనే ఒకే వలయానికి రెండు పిన్నులు కొట్టినయి నాలుగు బయటపడ్డయి.

ఇప్పటిదాకా: 9 రోజులు, 57 వలయాలు, ప్లాన్లు 3, ఖర్చు 2,535.

దశ 3: ఏది సమాధి, ఏది కాదు

దీని మీద ఎక్కువ రాస్తున్న, ఎందుకంటే మా తప్పులన్నిట్ల పెద్ద తప్పు ఇక్కడనే ఉన్నది.

పదో రోజు ఒక వలయం కాడ కర్రలు పాతుతుంటే మేకలు తోలుకుంట ఒక తాత వచ్చిండు. కొంచెంసేపు నిలబడి చూసిండు.

"ఏం కొలుస్తున్నర్రా బిడ్డా?"

"రాక్షసి గుడి తాతా."

"ఇదా? ఇది మా నాయిన కట్టిన మేకల దొడ్డి. కరువు ఏడు ఇక్కడనే మందలు ఆపినం. రాక్షసి గుళ్లు అగో, ఆ తంగేడు చెట్ల కాడికెల్లి మొదలైతయి."

ఆ తాతను బతిమిలాడి రెండు రోజులు వెంట తిప్పుకున్నం. ఆయన చూపించినయి, చెప్పినయి మేం నేల మీద సరిచూసుకున్నం. తీసేసినయి ఇవి:

మేకల దొడ్లు 3. రాళ్లు నేల మీద పెట్టి ఉంటయి, నేలల దిగి ఉండవు, ఒక దిక్కు వాకిలి సందు ఉంటది, లోపల రాళ్ల కుప్ప ఉండదు.

చెల్క ఏరిన రాళ్ల కుప్పలు 9. దున్నేటప్పుడు ఏరి గెట్టు మీద పోసినయి. పిడికిలంత నుంచి తలకాయంత దాకా కలగాపులగం, కుప్ప చుట్టు పెద్ద గుండ్ల వరుస ఉండదు. కొన్నింటి మీద నాగలి కర్రు గీకిన తెల్ల గీతలు గూడ ఉన్నయి.

సహజంగ వచ్చిన గుండ్లు 6. ఇది తెలుసుకునేసరికి ఆలస్యమైంది. మన గ్రానైటు పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలలు ముందు కుళ్లి, మధ్యల గట్టి భాగం గుండ్రంగ మిగులుతది, మీద ఉల్లిగడ్డ పొర లెక్క పెచ్చులు ఊడుతయి. చుట్టూ మొరం కొట్టుకపోయినంక ఆ గుండ్లు గుంపుగ నిలబడితే దూరం నుంచి అచ్చం వలయమే. దగ్గర చూస్తే గుండ్లు ఒక సైజుల ఉండవు, మధ్య ఎడం సమానంగ ఉండదు, అడుగున తల్లిబండకు అతుక్కునే ఉంటది. మనుషులు పెట్టిన గుండుకు అడుగున కదలకుంట చిన్న రాళ్లు దట్టించి ఉంటయి, వాన కొట్టిన కాడ అవి బయటికి కనబడుతయి. రాయి లేపి చూడొద్దు, తేళ్లు ఉంటయి, పైగా లేపితే మనమే దాన్ని చెడగొట్టినట్టు.

57 లోంచి 18 పోతే 39. తాత చూపించినయి, సర్కారు తుమ్మల మరుగున మేం చూడనియి 5 కలిపితే 44. మా పిన్నులల్ల మూడో వంతు కంటే ఎక్కువ తప్పే. ఆ 61 లెక్క మేం అప్పటికే ఇద్దరు ముగ్గురికి చెప్పినం, మళ్ల పోయి అది తప్పు అని చెప్పి వచ్చినం.

ఇప్పటిదాకా: 13 రోజులు, 44 వలయాలు, ప్లాన్లు 6, ఖర్చు 2,885.

దశ 4: సగం పోయిన వలయాలు

44ల నిండు వలయాలు 19 మాత్రమే. మిగిలినవాటికి గుండ్లు ఇండ్ల పునాదులకు, బాయి గోడలకు పోయినయి. సగం ఉన్నదానికి మధ్య బిందువు ఎక్కడ, అడ్డం ఎంత అన్నది లెక్క కట్టాలి.

1. మిగిలిన గుండ్లల్ల రెండు కొసలకు తాడు బిగించాలి, దాని పొడవు కొలవాలి.
2. తాడు సగం కాడ నుంచి వలయం దాకా ఎంత లోతుందో కొలవాలి.
3. తాడు పొడవును దానితోనే గుణించి, లోతుకు 8 రెట్లతో భాగించి, దానికి లోతుల సగం కలపాలి. అది వ్యాసార్థం.

మా పదిహేడో నంబరుకు తాడు 6 మీటర్లు, లోతు 1.2. అంటే 36ను 9.6తో భాగిస్తే 3.75, దానికి 0.6 కలిపితే 4.35. అడ్డం 8.70 మీటర్లు.

ఇది మంచిగుంది అనుకోని నాలుగే గుండ్లు మిగిలినదానికి కూడ చేసినం, తాడు 3 మీటర్లు వచ్చింది. లోతు నేను కొలిస్తే 27 సెంటీమీటర్లు, తమ్ముడు కొలిస్తే 37. గుండు ఏ అంచు పట్టుకోవాలన్నది ఇద్దరికి వేరు వేరుగ అనిపించింది, అంతే తేడా. కని లెక్కల అడ్డం ఒకటి 8.60, ఇంకోటి 6.45! పది సెంటీమీటర్లకు రెండు మీటర్లు. అందుకని వలయంల మరీ చిన్న ముక్క మిగిలితే అడ్డం రాస్తలేము, "గుండ్లు ఇన్ని, కొలత రాదు" అని రాస్తున్నం. అట్లాంటియి 8. ఇంకా, గుండు లోపలి అంచో బయటి అంచో కాకుండ గుండు నడిమినే పట్టుకోవాలని నియమం పెట్టుకున్నం. ముందు గీసిన 6 ప్లాన్లు ఇదే నియమంతో మళ్ల గీసినం.

ఇప్పటిదాకా: 17 రోజులు, ప్లాన్లు 15, ఖర్చు 3,235.

దశ 5: దిక్సూచి అబద్ధం చెప్పింది

650 పెట్టి దిక్సూచి కొన్నం. మూడు చోట్ల రాతి పలకల పెట్టెలు కొంచెం పైకి తేలి ఉన్నయి, వాటి ముఖం ఏ దిక్కుకో రాసుకోవాలని. ఒక పలక కాడ చూపించిన దిక్కు, రెండు మీటర్లు జరిగి అదే పలక మీదుగ చూస్తే 14 డిగ్రీలు మారింది. దిక్సూచి పాడైందని వాపసు చేద్దామనుకున్నం. పాడైంది అది కాదు. వలయాల పక్క నుంచి నల్లరాయి గోడ లెక్క గుట్ట దాకా పోయింది, గ్రానైటుల చొచ్చుకొచ్చిన డోలరైటు. నల్గొండ దిక్కు ఇట్లాంటియి మస్తు, నల్ల గ్రానైటు అని క్వారీలోళ్లు కోసి పంపేది గూడ ఇదే. దాంట్ల ఇనుప అయస్కాంత ఖనిజం ఉంటది, ముల్లును గుంజుతది.

పరీక్ష సులువు. ఈ కర్ర నుంచి ఆ కర్రకు దిక్కు చూడాలి, ఆ కర్ర నుంచి ఈ కర్రకు చూడాలి. రెండిటికి సరిగ్గా 180 తేడా రాకుంటే అక్కడ దిక్సూచిని నమ్మొద్దు.

దాని బదులు పాతకాలం శంకువు పద్ధతి పట్టుకున్నం, గుళ్లకు దిక్కులు చూసేటప్పుడు స్థపతులు చేసేదే.

1. చదునైన నేల మీద 1 మీటరు కర్ర, తూకం గుండుతో నిటారుగ.
2. కర్ర మొదలు కేంద్రంగ 1.2 మీటర్ల తాడుతో నేల మీద వలయం.
3. పొద్దున నీడ కొస వలయం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు.
4. మధ్యాహ్నం దాటినంక నీడ కొస వలయం దాటి బయటికి పోయే చోట ఇంకో గుర్తు.
5. రెండు గుర్తులు కలిపితే పడమర-తూర్పు గీత.

ఒక రోజు పూర్తిగ పోతది, మొగులు ఉంటే రెండు రోజులు. మాకు రెండు రోజులు పట్టింది. కని ఆ గీతను బేస్‌లైన్‌కు కలిపినంక అన్ని ప్లాన్లకు ఉత్తరం ఒకేతీరుగ వచ్చింది.

మూడు పెట్టెల ముఖాలు 82, 94, 101 డిగ్రీలు (సరి తూర్పు 90), అంటే తూర్పుకు అటు ఇటు. మన దగ్గర ఏడాదిల పొద్దు పొడిచే చోటు సుమారు 65 నుంచి 115 డిగ్రీల మధ్య తిరుగుతది కాబట్టి ఏదో ఒక రోజు పొద్దుకు ఏ పెట్టె అయినా సూటిగ ఉంటది. మూడింటిని చూసి ఫలానా పండుగ రోజు సూర్యుడికి పెట్టిన్రు అని చెప్పుడు తప్పు, మేం తూర్పు అని మాత్రమే రాసినం.

ఇప్పటిదాకా: 20 రోజులు, ప్లాన్లు 21, ఖర్చు 4,135.

దశ 6: కప్పుబండ, రంధ్రం, గుంటలు

ఒక పెట్టె మీద కప్పుబండ ఇంకా ఉన్నది. పొడవు 3.1, వెడల్పు 2.2, మందం 0.32 మీటర్లు. గుణిస్తే 2.18 ఘనపు మీటర్లు, గ్రానైటు ఘనపు మీటరుకు 2.65 టన్నులు, అంటే 5.8 టన్నులు. మూలలు లేవు కాబట్టి ఐదో వంతు తగ్గించి సుమారు 4.6 టన్నులు అని రాసుకున్నం. సిద్దిపేట దిక్కు నర్మెట్టల 2017ల పురావస్తు శాఖోళ్లు తవ్వినప్పుడు కప్పుబండ లేపటానికి క్రేన్ తేవాల్సి వచ్చింది, మా దాని కంటే అది ఎన్నో రెట్లు పెద్దది. అవి మనుషుల చేతుల మీద పోయినయి అని ఆ బండ పక్కన కూసోని ఆలోచిస్తే ఒళ్లు గగుర్పొడుస్తది.

బండలు ఎక్కడియి అన్నది మాకు అర్థం చేయించింది రాయి కొట్టే వడ్డెర మామ ఒకాయన. పలక అంచు చేతితోని తడిమి, "దీనికి ఉలి దెబ్బ లేదు, ఇది మంట పెట్టి లేపిన బండ" అన్నడు. బోడగుట్ట మీద కట్టెలు పరిచి కాలిస్తే మీది పొర వేడికి ఉబ్బి కింది బండ నుంచి విడిపోతది, మావోళ్లు మొన్న మొన్నటి దాకా ఇట్లనే లేపేది అని చెప్పిండు. అప్పుడు పోయి 400 మీటర్ల దూరంల ఉన్న బోడబండ అంచుల పొర మందం ఆరు చోట్ల కొలిచినం, 16 నుంచి 19 సెంటీమీటర్లు. పెట్టెల పక్క పలకలు 15 నుంచి 20. అక్కడి నుంచే తెచ్చిన్రని నా నమ్మకం. కప్పుబండ మాత్రం అంతకంటే మందం, అది ఏ పొరదో ఇంకా దొరకలే.

ఒక పెట్టె తూర్పు పలకకు గుండ్రటి రంధ్రం ఉన్నది, 46 సెంటీమీటర్లు. ఇక్కడ తమ్ముడు ఒక తప్పు చేసిండు, ఫొటోల మంచిగ కనబడాలని రంధ్రం అంచు చుట్టు సుద్దముక్కతో గీసిండు. సుద్ద రాతి గరుకుల ఇరుక్కుంటది, నాచు మీద మరక పడుతది, రుద్దితే పైపొర లేస్తది. ఉత్త నీళ్లు చల్లి వదిలేసినం, రెండు వారాలకు కూడ పూర్తిగ పోలే. మీరు చెయ్యకుండ్రి. దాని బదులు పొద్దు గూకినంక టార్చిలైటు బండకు ఆనించినట్టు పక్క నుంచి కొట్టి ఫొటో తీయాలి. నీడకు చిన్న గాటు గూడ లేచి కనబడుతది. అట్ల చూస్తేనే కప్పుబండ మీద 11 చిన్న గుంటలు దొరికినయి, అడ్డం 4 నుంచి 6, లోతు 1.5 సెంటీమీటర్ల లోపే. పగలు పదిసార్లు దాని పక్కనే కూసోని సద్ది తిన్నం, కనబడలే.

గుంటల సంగతి చెప్పంగనే ఊర్ల ఒకరు "సప్తర్షి మండలమా" అని అడిగిన్రు. పాలమూరు దిక్కు కృష్ణ ఒడ్డున ముడుమాల్‌ల ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలం ఆకారంల ఉన్నయని పండితులు గుర్తించిన్రు, ఆ నిలువురాళ్లు 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాల చేరినయి కాబట్టి అందరికి ఆ పేరు తెలుసు. మా 11 గుంటలకు ఏడింటిని ఏరుకుంటే ఏ ఆకారమైనా వస్తది. కొలిచి గీసినం, పేరు పెట్టలే.

ఇప్పటిదాకా: 24 రోజులు, ప్లాన్లు 26, ఖర్చు 4,485.

దశ 7: ఎవరో తవ్విన గొయ్యి

ముప్పై ఒకటో నంబరు కాడికి పోయేసరికి నడుమ గొయ్యి, పక్కన మట్టి, నిమ్మకాయలు, కుంకుమ. పాత గొయ్యే, గడ్డి మొలిచింది. దిగకుంట పై నుంచి కొలిచినం, లోతు 1.9 మీటర్లు. గోడల ఒక సంగతి కనబడ్డది. మీద 50 సెంటీమీటర్లు ఎర్రమట్టి, దాని కింద గట్టి మొరం, అంటే కుళ్లిన గ్రానైటు. ఆ మొరాన్ని పాతకాలపోళ్లు నిటారుగ తొలిచిన అంచు ఒక పక్క చెక్కుచెదరకుంట ఉన్నది, తొలిచిన గొయ్యిల తర్వాత నింపిన మట్టి రంగు వేరు. గుండ్ల వలయం పైకి కనబడేది మాత్రమే, అసలు పని కింద మొరంల చేసిన్రు.

పారబోసిన మట్టిల పెంకులు. లోపలి దిక్కు, మూతి కాడ నలుపు, బయట కింద ఎరుపు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లగయితది, గాలి తగిలిన బయటి భాగం ఎర్రగయితది అని చెప్తరు. ఒక్కటి కూడ తీసుకోలే, స్కేలు పక్కన పెట్టి ఉన్నకాడనే ఫొటో తీసి వదిలేసినం.

ఈ ఫొటోలు ఊర్ల చూపించి చెప్పినం, ఈ సమాధులల్ల ఉండేది కుండలు, బొక్కలు, ఇనుప సామాన్లు, రాతి పూసలు, లంకెబిందెలు కాదు అని. ఏలేశ్వరంల నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు ఇట్లాంటి సమాధులనే ప్రభుత్వమే తవ్వించింది, వచ్చినయి కూడ అవే. పైగా భూమిల దొరికిన వస్తువు దాచిపెట్టుకోవద్దని 1878 నుంచే చట్టం ఉన్నది. కొందరు విన్నరు, కొందరు వినలే. గొయ్యి సంగతి రాతపూర్వకంగ ఆఫీసుల ఇచ్చి వచ్చినం.

ఇప్పటిదాకా: 26 రోజులు, ప్లాన్లు 29, ఖర్చు 4,685.

ఫిబ్రవరి చివరి వారం

నాలుగు రోజులు నేను ఊర్ల లేను. వచ్చి చూస్తే కంచె పక్క బాట వెడల్పు చేసిన్రు, మొరం కోసం జేసీబీ పెట్టిన కాడ రెండు వలయాలు లేవు. తొమ్మిదో నంబరు, నలభై రెండో నంబరు.

తొమ్మిదికి ప్లాన్ ఉన్నది. 22 గుండ్లు, అడ్డం 9.12 మీటర్లు, నడుమ కుప్ప ఎత్తు 64 సెంటీమీటర్లు, ఏ గుండు ఎక్కడుందో కాగితం మీద ఉన్నది. నలభై రెండుకు ఒక ఫోన్ పిన్ను, రెండు ఫొటోలు, ఒక ఫొటోల తమ్ముడు అడ్డం నిలబడ్డడు. గుండ్లు ఎన్నో కూడ లెక్క పెట్టుకోలే. అది తంగేడు చెట్ల పక్కన తాత చూపించిన ఐదింటిల ఒకటి, దగ్గరనే ఉన్నది గదా ఎప్పుడైనా కొలవచ్చు అని చివరికి ఉంచినం.

లెక్క ఇది: మొత్తం 44, నేల మీద ఉన్నయి 42, ప్లాన్లు 29 (పోయిన తొమ్మిదో నంబరుది కలిపి), గీయాల్సినయి 14.

ఆ 14ను ఇన్నాళ్లు నంబరు వరుసల చేస్తున్నం. ఇప్పుడు వరుస మార్చినం. బాటకు ఎంత దూరంల ఉన్నయో కొలిచి దగ్గరివి ముందు. పదమూడో నంబరు బాట అంచుకు 11 మీటర్లు, ముప్పై ఎనిమిది 19, నలభై నాలుగు 26. రేపు పొద్దున ఆరింటికి పదమూడు కాడ.